డిస్కు కనిపించని ల్యాప్‌టాప్‌: మా డీటీపీ సెంటర్లో నా అనుభవం

తెనాలిలో మాకు చిన్న డీటీపీ సెంటరు ఉంది. కంపోజింగ్ నాది, వెనక గదిలో ఆఫ్‌సెట్ మిషను మావారిది. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, అప్పుడప్పుడూ ఒక పుస్తకం. పనంతా పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్లోనే. 2001లో వచ్చిన 7.0 తరువాత అందులో కొత్త వెర్షన్ రాలేదు. అయినా అను ఫాంట్లతో తెలుగు కంపోజ్ చేసేవాళ్లం చాలామందిమి ఇప్పటికీ దాని మీదే పని నడుపుకుంటున్నాం. అలవాటైన సెట్టింగులు, ఫాంట్లు అన్నీ ఒకచోట కుదిరి ఉన్నాయని ల్యాప్‌టాప్ కూడా పాతదే ఉంచుకున్నాను. లోపల ఉన్నది ఒక టెరాబైటు హార్డ్ డిస్కు. రెండున్నర అంగుళాలది, నిమిషానికి 5400 చుట్లు తిరిగే రకం.

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడ్డ రోజుల్లో అది మొరాయించడం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి అర నిమిషం బిగుసుకుపోయేది. మౌసు బాణం కదిలేది గానీ ఏ ఫైలూ తెరుచుకునేది కాదు. డిస్కు లైటు ఆరకుండా వెలుగుతూ ఉండేది. కాసేపటికి అదే తేరుకుని ఏమీ ఎరగనట్టు పనిచేసేది. బల్ల మీద నుంచి ఎత్తి కౌంటరు మీద పెట్టినప్పుడు ఎక్కువగా ఇలా అవుతోందని గమనించాను. ఈ చిన్న సంగతే చివరికి నాకు దారి చూపించింది.

ఒకరోజు మధ్యాహ్నం పేజ్‌మేకర్ బిగుసుకుని ఇక లేవలేదు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే విండోస్ బొమ్మ రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో 'నో బూటబుల్ డివైస్' అన్న ఒక్క లైను వచ్చింది.

అందులో ఏముందో చెప్పాలి. పూర్తయిన పనులన్నీ ప్రతి ఆదివారం ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఎక్కిస్తాను, కాబట్టి పాత శుభలేఖల గురించి బెంగ లేదు. ఆదివారం తరువాత చేసిన పని మాత్రం ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు తమ ఊరి చరిత్ర రాశారు. ఇనాం భూముల లెక్కలు, చెరువు తవ్వించినవాళ్ల పేర్లు, బడి కట్టుకున్న కథ అన్నీ ఆయన ఏళ్ల తరబడి తిరిగి సేకరించారు. మూడో ప్రూఫు దిద్దుబాట్లు, చివర్లో చేర్చిన రెండు అధ్యాయాలు, పుస్తకం చివర వేసే పదసూచి అప్పుడే పూర్తిచేశాను. పదసూచి అంటే ప్రతి పేరూ ఏ పేజీలో వచ్చిందో ఒక్కొక్కటే వెతికి వేయాలి. యంత్రం చేసిపెట్టే పని కాదు. మాస్టారికి ఫోను చేసి సంగతి చెప్తే, "కంగారు పడకమ్మా, రాసిన కాగితాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి" అన్నారు. ఆయన అంత నెమ్మదిగా అనేసరికి ఎలాగైనా ఆ ఫైలు తీసి ఇవ్వాలన్న పంతం నాకు ఇంకా పెరిగింది.

ముందు చేసినవి పైసా ఖర్చులేని పనులు. చార్జరు తీసేసి, పవర్ బటన్ను అర నిమిషం నొక్కి పట్టుకున్నాను. బోర్డులో మిగిలిన చార్జీ పోయి కొన్నిసార్లు దానితోనే సర్దుకుంటుంది. ఇక్కడ సర్దుకోలేదు. తరువాత చెవి ఆనించి విన్నాను. మా ల్యాప్‌టాప్‌లో ఎడమ చెయ్యి ఆనే చోట కింద డిస్కు ఉంటుంది. ఆన్ చెయ్యగానే మోటారు సన్నగా అందుకుంది, డేటా చదివే హెడ్లు ఒకసారి కదిలిన చప్పుడు వచ్చింది, ఆ తరువాత నిలకడగా తిరిగింది. ఈ వినడం ఎంత ముఖ్యమో తెలియని వాళ్లు చాలామంది ఉన్నారు. టక్ టక్ టక్ మని ఒకే లయలో కొట్టుకుంటూ ఉంటే హెడ్లు చదవలేక మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్తున్నాయని అర్థం. మోటారు తిరగకుండా లోపల సన్నగా మూలుగుతున్నట్టుంటే హెడ్లు డేటా ఉండే పళ్లేనికి అతుక్కుపోయి ఉండవచ్చు. ఆ రెండింటిలో ఏది వినిపించినా ఇక కరెంటు ఇవ్వకూడదు. అది క్లీన్ రూములో, దుమ్ము రేణువు పడని చోట విప్పాల్సిన పని. ఇంట్లో ఎన్నిసార్లు ఆన్ చేసి చూస్తే అంత గీసుకుపోతుంది. మా డిస్కు చప్పుడు ఆరోగ్యంగానే ఉంది. ఒకటి మాత్రం తేడాగా అనిపించింది. ల్యాప్‌టాప్‌ను కొద్దిగా వంచితే మోటారు ఆగి మళ్లీ మొదలైంది.

ఆ తరువాత ఎఫ్2 నొక్కి, విండోస్ కంటే ముందు లేచే బోర్డు సొంత ప్రోగ్రాము బయాస్‌లోకి వెళ్లాను. అక్కడ ఇన్ఫర్మేషన్ పేజీలో డిస్కు మోడల్ పేరు ఉండాల్సిన చోట 'నన్', అంటే ఏదీ లేదు, అని ఉంది. మొత్తం వ్యవహారంలో మొదటి చీలిక ఇక్కడే. బయాస్‌లో పేరు కనిపిస్తూ విండోస్ రాకపోతే తప్పు బూట్ ఫైళ్లలోనో, పార్టిషన్లోనో, సెట్టింగులోనో ఉంటుంది. బయాస్‌కే కనిపించకపోతే విండోస్‌కు దీంతో సంబంధమే లేదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుందని చెప్పేవాళ్ల మాట అప్పుడు వినక్కర్లేదు. డిస్కు, దాన్ని బోర్డుకు కలిపే దారి, బోర్డు మీది కంట్రోలరు, ఈ మూడింట్లో ఒకటి చెడి ఉంటుంది.

అదే పేజీలో తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో చూశాను. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే అవి వెనక్కి పోతాయి. వాటితో పాటు, బోర్డు డిస్కుతో ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పే సాటా మోడు లాంటి సెట్టింగులు కూడా మొదటికి వచ్చేస్తాయి. ఏహెచ్‌సీఐ మోడులో ఇన్‌స్టాల్ చేసిన విండోస్‌ను రెయిడ్ మోడులో లేపితే 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని నీలం తెర వస్తుంది. డిస్కు బాగానే ఉన్నా పోయిందనుకుంటాం. మాకు తేదీ సరిగ్గానే ఉంది, మోడు ఏహెచ్‌సీఐ లోనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

రెండుమూడుసార్లు ఆపి ఆన్ చేసేసరికి ఒకసారి డిస్కు పేరు కనిపించింది. విండోస్ లేచి 'ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్' అంది. వెంటనే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేశాను. డిస్కు కనిపిస్తూ మాయమవుతూ ఉన్నప్పుడు విండోస్ దాని మీద మరమ్మతులు మొదలుపెడితే, సగం రాసి సగం ఆగిపోయి, ఉన్న ఫైళ్ల పట్టిక కూడా చెడుతుంది. విండోస్‌లో డిస్కు తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ మంచి పనిముట్టే. కానీ డేటా వేరే చోటికి తీసుకున్న తరువాత వాడాల్సింది.

ఊళ్లో ఒక సర్వీసు షాపుకు తీసుకెళ్లాను. ఆన్ చేశారు, బయాస్ చూశారు, "హార్డ్ డిస్కు డెడ్ మేడం. ఎస్ఎస్‌డీ వేసి విండోస్ వేసిస్తాం. డేటా కావాలంటే హైదరాబాద్ పంపాలి, పదిహేను వేలు దాకా అవుతుంది, గ్యారంటీ ఇవ్వలేం" అన్నారు. డిస్కు బయటికి తీసి చూడలేదు. ఆ మాట నాకు నచ్చలేదు, ల్యాప్‌టాప్ వెనక్కి తెచ్చేసుకున్నాను.

మా దగ్గర కంపోజింగ్ నేర్చుకుని, తరువాత హార్డ్‌వేర్ కోర్సు చేసి, ఇప్పుడు గుంటూరులో ఒక కాలేజీలో సిస్టములు చూసుకుంటున్న అబ్బాయి ఒకడున్నాడు. రాత్రి వీడియో కాల్ చేశాను.

"అక్కా, వాళ్లు డిస్కు తీసి వేరే సిస్టంకి పెట్టి చూశారా?"

"లేదురా."

"పోనీ వేరే డిస్కు తెచ్చి మీ ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశారా?"

"అదీ లేదు."

"అయితే పోయింది డిస్కే అని వాళ్లకెలా తెలిసింది? రెండూ మనమే చేద్దాం. ముందు పెన్ డ్రైవ్‌లో ఉబుంటు ఎక్కించు."

ఉబుంటు అంటే విండోస్ లాంటిదే, లైనక్స్ రకం, పెన్ డ్రైవ్ నుంచే నడుస్తుంది. మా ప్రెస్సులో ఉన్న డెస్క్‌టాప్‌లో, అలాంటి పెన్ డ్రైవ్ తయారుచేసే రూఫస్ వేసి ఉబుంటు పెన్ డ్రైవ్ చేశాను. ల్యాప్‌టాప్‌కు పెట్టి, ఎఫ్12 నొక్కి దాని మీద నుంచి లేపాను. ఇన్‌స్టాల్ చెయ్యకుండా 'ట్రై ఉబుంటు' అన్నది ఎంచుకుంటే డిస్కు మీద ఏమీ రాయదు. అలా లేచిందంటే బోర్డు, ర్యామ్, తెర అన్నీ బాగున్నట్టే. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్లో డీమెసెజ్ అని కొడితే, ఉబుంటుకు గుండెకాయ లాంటి కెర్నల్ తన రోజు చిట్టా మొత్తం చూపిస్తుంది. అక్కడ డిస్కు దారి పేరు ఏటీఏ1 దగ్గర వరసగా 'కామ్‌రీసెట్ ఫెయిల్డ్', కాసేపటికి 'లిమిటింగ్ సాటా లింక్ స్పీడ్ టు 1.5 జీబీపీఎస్', చివరికి 'లింక్ డౌన్' అని ఉన్నాయి. ఆ అబ్బాయి ఫోటో చూసి, "అక్కా, ఇది డిస్కు చదవలేక ఇచ్చే ఎర్రర్ కాదు. పలకరిస్తే మాట సరిగ్గా అందట్లేదు. 6 దగ్గర మాట్లాడాల్సింది 1.5కి తగ్గించి కూడా ప్రయత్నించింది చూడు" అన్నాడు. సెక్టార్లు, అంటే డిస్కు మీద డేటా రాసుకునే చిన్న గళ్లు, చెడితే చదవడంలో మీడియా ఎర్రర్లు వస్తాయట. ఇక్కడ అసలు లింకే నిలబడటం లేదు.

మర్నాడు షాపు తెరవకముందే, ఆ అబ్బాయి వీడియో కాల్‌లో ఉండగా, విప్పడానికి కూర్చున్నాం. పాత ప్రూఫు కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టాను. స్క్రూలు ఒకే పొడుగు ఉండవు, పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే బోర్డుకు తగులుతుంది. మూత తీశాక అన్నింటికంటే ముందు బ్యాటరీ కనెక్టరు ఊడదీశాను. అది ఉండగా లోపల దేన్నీ ముట్టుకోకూడదు.

డిస్కు ఒక రేకు చట్రంలో ఉంది. మా దాంట్లో డిస్కు నేరుగా బోర్డుకు దిగదు. డిస్కుకు తగిలించే కనెక్టరు నుంచి బోర్డు దాకా పల్చటి రిబ్బన్ లాంటి కేబులు వెళ్తుంది. డేటా, కరెంటు రెండూ అందులోనే పోతాయి. బోర్డు వైపు చిన్న నల్ల గొళ్లెం ఉంది, దాన్ని గోటితో పైకి లేపితేనే కేబులు బయటికి వస్తుంది, లాగకూడదు. కేబులు చట్రం మూల దగ్గర మడత తిరిగి కిందికి దిగుతోంది. మామూలు కళ్లకు ఆ మడత దగ్గర కొంచెం తెల్లబారినట్టు కనిపించింది, అంతే.

ప్లేటు మీద చుక్కలు, రంగుల రిజిస్ట్రేషన్ చూసుకోవడానికి మావారు వాడే భూతద్దం తెచ్చాను. దాన్ని మడత మీద పెట్టి లైటు పక్క నుంచి వేశాను. పైపొర మీద వెంట్రుకంత సందు, దాని కింద వరసగా వెళ్తున్న రాగి గీతల్లో అంచువైపు రెండు గీతలు సగానికి తెగి, రెండు కొసలు ఎడంగా ఉన్నాయి. కేబులు కొద్దిగా చదును చేస్తే కొసలు కలుస్తున్నాయి, వదిలితే విడిపోతున్నాయి. వంచినప్పుడు మోటారు ఎందుకు ఆగిందో, ఎత్తినప్పుడు ఎందుకు బిగుసుకునేదో అక్కడే కళ్లకు కట్టింది. రోజూ కౌంటరుకూ బల్లకూ మధ్య ఎత్తి దించే ల్యాప్‌టాప్‌లో అరచెయ్యి ఒత్తిడి పడే చోటే ఆ మడత ఉంది.

కేబులు దొరికిందని డిస్కు బాగుందని అనుకోకూడదు కదా. సాటాను యూఎస్‌బీగా మార్చే అడాప్టరు నాలుగైదు వందలకు దొరికింది. రెండున్నర అంగుళాల డిస్కుకు 5 వోల్టులు చాలు, అందుకని వేరే పవర్ అడాప్టరు అక్కర్లేదు. మూడున్నర అంగుళాల పెద్ద డిస్కయితే 12 వోల్టులు కూడా కావాలి. డెస్క్‌టాప్‌ను కూడా ఉబుంటు మీద నుంచే లేపి డిస్కు తగిలించాం. విండోస్‌కు తగిలిస్తే అదే చొరవ తీసుకుని ఏదో ఒకటి రాస్తుంది, లేదా 'ఫార్మాట్ చెయ్యాలి' అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు చాలామంది హడావుడిలో ఎస్ నొక్కేస్తారు.

డిస్కుల జాబితా చూపించే ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టగానే 931.5 జీ అని వచ్చింది. ఒక టెరాబైటు డిస్కును లైనక్స్ అలాగే లెక్కపెడుతుంది. పార్టిషన్లన్నీ ఉన్నాయి. ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు స్మార్ట్ లెక్కలు తీశాం. ప్రతి డిస్కూ తన ఆరోగ్యాన్ని తానే రాసిపెట్టుకుంటుంది. స్మార్ట్‌సీటీఎల్‌తో అది చదవొచ్చు, విండోస్‌లో అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఉంది. యూఎస్‌బీ అడాప్టరు గుండా చదవాలంటే 'డీ సాట్' అన్న మాట జోడించాలి. కొన్ని చవక అడాప్టర్లు ఆ లెక్కలు అసలు బయటికి పంపవు. అందులో నాకు ముఖ్యంగా చూడమన్న నంబర్లు ఇవి. 5వ నంబరు, చెడిపోయి మార్చేసిన సెక్టార్లు. మాది సున్నా. 197, చదవలేక పక్కన పెట్టి ఉంచినవి. ఎనిమిది. 198 సున్నా. 199 మాత్రం వేలల్లో ఉంది.

ఈ 199 నిజంగా అందరూ తెలుసుకోవాల్సిన అంకె. డిస్కుకూ బోర్డుకూ మధ్య డేటా వెళ్తున్నప్పుడు దారిలో పాడైతే, అది మారకుండా చేరిందో లేదో సరిచూసే సీఆర్‌సీ లెక్క కుదరదు. అలా కుదరని ప్రతిసారీ ఇది పెరుగుతుంది. డిస్కు లోపలి పళ్లేలతో దీనికి పని లేదు. 5, 197, 198 సున్నా దగ్గరో సున్నాకు దగ్గర్లోనో ఉండి, 199 ఒక్కటే ఎగబాకుతోందంటే మొదట అనుమానించాల్సింది కేబులును, కనెక్టరును. పక్కనే 192 కూడా ఎక్కువగా ఉంది. అది కరెంటు హఠాత్తుగా పోయి హెడ్లు గబుక్కున వెనక్కి వెళ్లిన లెక్క. మా కేబుల్లో కరెంటు గీత కూడా చీలిందనడానికి అదొక సాక్ష్యం.

"మరి 197లో ఆ ఎనిమిది ఏంటిరా?" అని అడిగాను. ఇప్పటి డిస్కుల్లో అసలు సెక్టారు 4096 బైట్లు, లెక్క మాత్రం 512 చొప్పున వేస్తారు, కాబట్టి ఒక్క సెక్టారు చెడితే ఎనిమిదిగా కనిపిస్తుందన్నాడు. రాస్తుండగా కరెంటు పోయి ఒక సెక్టారు సగంలో ఆగి ఉంటుంది. మళ్లీ రాస్తే అది బాగుపడే అవకాశం ఎక్కువ. కానీ ముందు డేటా.

ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయి. డిస్కు మొత్తాన్ని ముందు కాపీ తీయాలా, కావాల్సిన ఫోల్డరు ముందు లాగాలా? హెడ్లు నీరసంగా ఉన్న డిస్కయితే మొత్తం కాపీయే ముందు, ఎందుకంటే ఫైళ్ల కోసం అటూ ఇటూ తిరగడమే దాన్ని చంపుతుంది. మా డిస్కు లెక్కలు బాగున్నాయి. అందుకని రీడ్ ఓన్లీగా, అంటే ఏమీ రాయకుండా చదవడానికి మాత్రమే, మౌంట్ చేసి మాస్టారి ఫోల్డరు ఒక్కటి ముందు పెన్ డ్రైవ్‌లోకి తీసుకున్నాను. పేజ్‌మేకర్ పీఎండీ ఫైళ్లు, వాటిలో లింకయిన ఫోటోలు, పదసూచి అన్నీ వచ్చాయి. పేజ్‌మేకర్ ఫైలు ఒక్కటే తీస్తే సరిపోదు. పెద్ద బొమ్మలు దానికి బయట ఉంటాయి, అను ఫాంట్లు ఆ సిస్టంలో లేకపోతే తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. డెస్క్‌టాప్‌లో ఫాంట్లు ఉన్నాయి కాబట్టి దాన్ని విండోస్‌లో తిరిగి లేపి అక్కడే తెరిచి చూశాను. మాస్టారు చివర్లో చేర్పించిన చెరువు అధ్యాయం మొదటి వాక్యం దాకా చదువుకుని అప్పుడు ఆయనకు ఫోను చేశాను.

మా డిస్కుకు డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ లేదు, అది మా అదృష్టం. కొత్త ల్యాప్‌టాప్‌ల్లో, మైక్రోసాఫ్ట్ అకౌంటుతో వాడే విండోస్ 11లో, మనం అడగకుండానే ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండొచ్చు. అలాంటప్పుడు డిస్కును ఇంకో సిస్టంకి తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ ఇస్తేనే తెరుచుకుంటుంది. ఆ కీ సాధారణంగా మన మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది. ల్యాప్‌టాప్ బాగున్న రోజునే తీసి కాగితం మీద రాసుకోమని అందరికీ చెప్తున్నాను.

తరువాత మళ్లీ ఉబుంటులోకి వచ్చి, మొండికేసే డిస్కుల నుంచి కాపీ తీసే డీడీరెస్క్యూతో డిస్కు మొత్తాన్ని రెండు టెరాబైట్ల ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఒక ఇమేజ్ ఫైలుగా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా, తీశాం. దీని గొప్పతనం మ్యాప్ ఫైలులో ఉంది. ఏ భాగం చదివిందో, ఏది వదిలేసిందో రాసుకుంటూ పోతుంది. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచి మొదలుపెడుతుంది. మొదటి విడతలో తేలిగ్గా వచ్చేదంతా తీసుకుని, మొండికేసిన చోట్లను ఆఖరున మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది తిరగబడితే ఉన్నదంతా పోతుంది. అందుకే ఎంటర్ కొట్టేముందు డిస్కు లేబుల్ మీద ఉన్న సీరియల్ నంబరును నేను పైకి చదివాను, తెరమీద ఉన్నదాన్ని ఆ అబ్బాయి చదివాడు. నాలుగు గంటల దాకా పట్టింది. చివరికి రానిది సరిగ్గా 4096 బైట్లు. అది ఏ ఫైలులో ఉందో వెతికితే విండోస్ ర్యామ్ చాలనప్పుడు వాడుకునే పేజ్‌ఫైలు చోట తేలింది. ఒక్క శుభలేఖ కూడా పోలేదు.

రెండో పరీక్ష మిగిలింది. డెస్క్‌టాప్‌లో ఉన్న మంచి ఎస్ఎస్‌డీని తీసి, అదే పాత కేబులుతో ల్యాప్‌టాప్‌కు పెట్టాను. బయాస్‌లో కనిపించలేదు. మడత మీద వేలు ఆనించి మళ్లీ ఆన్ చేస్తే పేరు వచ్చింది. ఇక సందేహం లేదు. బోర్డు బాగుంది, డిస్కు బాగుంది, మధ్యలో కేబులు పోయింది.

కేబులు మీద చిన్న అక్షరాలతో పార్ట్ నంబరు ఉంటుంది. ల్యాప్‌టాప్ మోడల్ పేరు చెప్పి కొంటే తప్పుడుది వచ్చే ప్రమాదం ఉంది. ఒకే మోడల్లో రెండు మూడు రకాల కేబుళ్లు వాడతారు. పొడుగు, కనెక్టరు తిరిగిన దిక్కు మారిపోతాయి. ఆ నంబరుకు ఫోటో తీసి హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడికి పంపాను. వాడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లాడు. సీటీసీ అంటేనే అందరికీ తెలుస్తుంది. ల్యాప్‌టాప్ విడిభాగాలమ్మే చిన్న చిన్న దుకాణాలు అంతస్తుల నిండా ఉంటాయి. రెండు చోట్ల లేదన్నారట, మూడో చోట పెట్టెలు తిరగేసి నంబరు కలిసింది తీశారు. అడాప్టరు కంటే తక్కువకే వచ్చింది. ఆర్టీసీ కార్గోలో తెనాలి చేరింది.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకున్నాను. పాతది చట్రం మూల దగ్గర పదునుగా మడిచి ఉండేది. కొత్తదాన్ని అక్కడ గోటితో నొక్కి మడవకుండా కొంచెం గుండ్రంగా తిప్పి, చట్రం అంచుకు తగలకుండా పల్చటి పసుపు రంగు క్యాప్టన్ టేపు వేశాను. గొళ్లెం పూర్తిగా లేపి, కేబులు మీద ఉన్న తెల్ల గీత సాకెట్టు అంచుతో సమానమయ్యేదాకా తోసి, అప్పుడు గొళ్లెం దించాను. కాస్త వంకరగా దిగినా మళ్లీ 'నన్' అనే వస్తుంది.

ఆన్ చేశాను. బయాస్‌లో డిస్కు పేరు పూర్తిగా వచ్చింది. ల్యాప్‌టాప్‌ను అటూ ఇటూ వంచాను, మోటారు ఆగలేదు.

అయినా ఆ డిస్కునే కొనసాగించలేదు. కేబులు బాగైనా ఏళ్లుగా తిరిగిన డిస్కు అది, పైగా మా పని దాని మీదే. ఎలాగూ విప్పాం కాబట్టి సాటా ఎస్ఎస్‌డీ ఒకటి కొన్నాం. ఇక్కడ కొనేవాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది. 960 జీబీ అని అమ్మే ఎస్ఎస్‌డీ, ఒక టెరాబైటు డిస్కు కంటే చిన్నది. ఇమేజ్‌ను ఉన్నదున్నట్టు దాని మీదకి ఎక్కించాలంటే పట్టదు, ముందు పార్టిషన్లు కుదించుకోవాలి. మేము 1 టెరాబైటు అని ఉన్నదే తీసుకుని, సెక్టార్ల సంఖ్య సరిచూసుకుని ఇమేజ్ ఎక్కించాం. విండోస్ లేవగానే చెక్‌డిస్క్ ఒకసారి నడిపాం, అప్పటికి అది నిశ్చింతగా చేయదగ్గ పని. అను ఫాంట్లు, కీబోర్డు సెట్టింగు, పేజ్‌మేకర్లో నేను ఏళ్లుగా చేసుకున్న శుభలేఖల టెంప్లేట్లు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

ఇదంతా కేబులు ఉన్న ల్యాప్‌టాప్‌ల సంగతి. ఇప్పటి వాటిలో చాలావరకు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలే, నేరుగా బోర్డులోని ఎం.2 స్లాటులో దిగుతాయి. అక్కడ కనిపించకపోతే ముందు స్క్రూ తీసి, బయటికి లాగి, మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టి చూడాలి. ఇంకో తికమక కూడా ఉంది. మా ఆడపడుచు కొడుకు కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ మళ్లీ వేయబోతే డిస్కుల జాబితా ఖాళీగా వచ్చింది, డిస్కు పోయిందని భయపడ్డాడు. బయాస్‌లో మాత్రం పేరు ఉంది. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌ల్లో వీఎండీ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటుంది. విండోస్ ఇన్‌స్టాలరుకు దాని డ్రైవరు ఇస్తే గానీ డిస్కు కనిపించదు. ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవరును పెన్ డ్రైవ్‌లో పెట్టి 'లోడ్ డ్రైవర్' నొక్కగానే డిస్కు జాబితాలోకి వచ్చింది.

పాత డిస్కును అడాప్టరుకు తగిలించి మొదటి నుంచి చివరిదాకా ఒకసారి సున్నాలు రాశాం. 197లో ఎనిమిది సున్నా అయింది, 5 పెరగలేదు. అంటే ఆ సెక్టారు నిజంగా చెడిపోలేదు, రాత సగంలో ఆగింది, అంతే. 199 మాత్రం అలాగే ఉంది, అది తగ్గే అంకె కాదు. పెరగకుండా ఉంటే చాలు. ఆ డిస్కు ఇప్పుడు రెండో బ్యాకప్‌గా పనికొస్తోంది. ఎక్కించిన ప్రతిసారీ ఆ అంకె చూస్తున్నాను, కదల్లేదు.

మాస్టారు షాపుకు వచ్చి ఆఖరి ప్రూఫు చూసుకున్నారు. పదసూచిలో రెండు పేర్లు పేజీ మారాయని పట్టుకున్నారు, దిద్దాను. మర్నాడు మావారు ప్లేట్లు చేయించారు. ఇప్పుడు ఫారాలు మిషను మీద ఉన్నాయి, బైండింగ్ అయ్యేదాకా డిస్కు ఇమేజ్ మాత్రం చెరపనని చెప్పాను.